దీవిలో దిగే ముందు జ్వరాన్ని దాచకండి

మన బాన్సువాడ ప్రాంతం నుండి సముద్రం దాటడమంటే ఒకప్పుడు గల్ఫ్ దేశాలకే. ఇప్పుడు ఆస్ట్రేలియాలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకుని, సిడ్నీ నుండి పది పన్నెండు రోజుల ఓడ విహారంలో ఫిజీ, వనువాటు దీవులు చూపిస్తున్నారు. బయలుదేరే ముందు నా దగ్గరకు వచ్చేవారు అడిగేవి ఇంచుమించు ఒకటే: బీపీ, షుగరు మాత్రలు ఎన్ని తీసుకువెళ్లాలి, ఓడలో వాంతులు కాకుండా ఏం వేసుకోవాలి అని. అడగవలసినవే. మాత్రలు మరో వారానికి మిగిలేలా, మందుల చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోండి. అయితే మన వల్ల ఆ దీవివాసులకు ఏమి సోకగలదని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఆ ప్రశ్నకు ఫిజీ చరిత్రే సమాధానం చెబుతుంది. 1875లో సిడ్నీ వెళ్లి వచ్చిన రాజకుటుంబంతో పాటు తట్టు వ్యాధి ఓడ దిగింది. అంతకుముందు ఆ వ్యాధిని ఎరుగని జనంలో సుమారు 40,000 మంది మరణించారని అంచనా. నాలుగేళ్ల తరువాత, 1879 మే నెలలో, కలకత్తా నుండి భారతీయ కూలీలతో ‘లియోనిడాస్’ అనే ఓడ వచ్చింది. అందులో కలరా, మశూచి ఉన్నాయి. ఈసారి అధికారులు ప్రయాణికులను విడిగా ఒక చిన్న దీవిలో ఉంచారు. వ్యాధి ఊళ్లలోకి పాకలేదు. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా అక్కడి చెరకు తోటలకు వెళ్లిన వారిలో మన తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి నేటికీ అక్కడే ఉంది. కనుక మనం దిగే రేవులో మనల్ని పలకరించేవారు పూర్తిగా పరాయివారేమీ కారు.

ఇది పాత కథ అనుకోవద్దు. 2019లో సమోవా దేశంలో తట్టు వ్యాపించి 83 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఐదేళ్ల లోపు పిల్లలు. ఆ దేశ జనాభా రెండు లక్షలు మాత్రమే. టీకాలు తగ్గిపోయిన చోట బయటి నుండి వచ్చిన ఒక్క రోగి చాలు. తట్టు సోకిన పది, పన్నెండు రోజులకు గాని జ్వరం రాదు; దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుండే మనిషి ఇతరులకు అంటించగలడు. విమానాశ్రయంలో సోకిన వ్యాధి ఓడ దీవి చేరేసరికి పక్వానికి వస్తుందన్నమాట.

అందుకే నాకు ఆగ్రహం కలిగించేది పారాసిటమాల్ వేసుకుని జ్వరం తగ్గించుకుని, ఆరోగ్య పత్రంలో ‘ఏమీ లేదు’ అని రాసి దిగడం. ‘ఇంత డబ్బు పెట్టి వచ్చి గదిలో కూర్చోవాలా?’ అనే బాధ నాకు అర్థమవుతుంది. తప్పంతా ప్రయాణికులదే అని కూడా అనను. నిజం చెప్పినవారికి ఆ రోజు విహారపు సొమ్ము ఓడ సంస్థలు వెనక్కి ఇవ్వాలి. నిజం చెబితే నష్టమే అయినప్పుడు జనం దాస్తారు. అయినా ఒక రోజు విహారానికీ ఒక పసిబిడ్డ ప్రాణానికీ తూకమేమిటి?

చేయవలసింది కష్టమేమీ కాదు. వెంట వచ్చే మనవలకు, యువకులకు తట్టు టీకా రెండు మోతాదులూ పడ్డాయో లేదో కనీసం నెల ముందే చూసుకోండి. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఆ టీకా ఇవ్వకూడదు. వారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి. ఓడలో విరేచనాలు కలిగించే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బు నీళ్లే మేలు. దిగే రోజు ఉదయం జ్వరం, దద్దుర్లు, విరేచనాలు ఏవి ఉన్నా ఓడ వైద్యునికి కబురు చేయండి. అక్కడి వైద్యం ఖరీదైనది, కనుక ప్రయాణ బీమా తప్పనిసరి.

ఇక ఆ దీవుల్లో డెంగీ కూడా ఉంది. పగలే కుట్టే దోమ అది, నిండు చేతుల బట్టలు వేసుకోండి. ఇంటికి వచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే, ఏ దీవుల్లో తిరిగారో వైద్యునికి మొదటి మాటగా చెప్పండి.