రెండిళ్ల మధ్య మూడడుగులు

పక్కింట్లో పోపు వేస్తే మనింట్లో తుమ్ములు. వాళ్ల అలారానికి మనకు మెలకువ. వాళ్లబ్బాయికి పరీక్షలైతే మన టీవీ గొంతు తగ్గాల్సిందే. బోడుప్పల్‌, నిజాంపేట, బీరంగూడ, వనస్థలిపురం... హైదరాబాద్‌ శివార్లలో ఏ కాలనీకి వెళ్లినా ఇదే తీరు. విజయవాడ, విశాఖ శివార్లలోనూ పెద్ద తేడా లేదు. నూట యాభై గజాల స్థలం, గ్రౌండ్‌ ప్లస్‌ టూ, పైన పెంట్‌హౌస్‌. కింద మనం, పైన అద్దెకున్నవారు. కుడిపక్కన అలాంటిదే మరొకటి, ఎడమపక్కన ఇంకొకటి. వంటగది కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి గోడ తగులుతుంది.

ఆ ఇంటి వెనక సామాన్యుడి జీవితకాలం కష్టం ఉంది. పాతికేళ్లు వాయిదాలు కట్టి కొన్న జాగా అది. పిల్లల చదువులకు, వృద్ధాప్యంలో నాలుగు రూపాయల అద్దెకు వేసుకున్న పునాది. అందుకే ఇరుకు ఇళ్లు కట్టుకున్నవారిని తప్పుపట్టడం ఈ మాటల ఉద్దేశం కాదు. కానీ ఒక విషయం మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పుకోవాలి. విశాలమైన స్థలంలో ఇల్లున్నవారి ఆరోగ్యం చాలావరకు వారి చేతుల్లోనే ఉంటుంది. గోడకు గోడ ఆనుకుని బతికేవారి ఆరోగ్యం సగం వారి చేతుల్లో, సగం పక్కింటివారి చేతుల్లో ఉంటుంది. ఆ రెండు సగాలూ కలిసేది ఇళ్ల మధ్య మిగిలిన సందులోనే.

ఆ సందు ఎవరిది?

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, అంటే సుమారు 120 నుంచి 240 గజాల్లో, పది మీటర్ల ఎత్తు దాకా ఇల్లు కట్టుకుంటే ముందు మీటరున్నర, మిగతా మూడువైపులా మీటరు చొప్పున వదలాలి. మీటరంటే మూడడుగుల పైచిలుకు. అంతకంటే చిన్న జాగాలకు ఇంకా తక్కువే. మనం ఒక మీటరు, పక్కవారు ఒక మీటరు వదిలితే రెండు గోడల మధ్య రెండు మీటర్లు మిగలాలి. మరి మిగులుతున్నాయా? మొదటి అంతస్తుకు వెళ్లేసరికి సజ్జ పేరుతో ఒక అడుగు, బాల్కనీ పేరుతో రెండడుగులు ముందుకొస్తాయి. కింద మిగిలిన సందులో మోటారు, వాషింగ్‌ మెషీన్‌, పాత సామాను చేరతాయి. వాన పడకుండా పైన రేకులూ వేసేస్తాం. ఇప్పుడు తెలంగాణలో చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. అంటే కొలతల్లో నిజాయతీ పాటించాల్సిన బాధ్యత ముందుగా మనదే. అధికారి వచ్చి చూడలేదు కదా అని రెండడుగులు కలుపుకొంటే దక్కేది రెండడుగుల గది. పోయేది రెండు కుటుంబాల గాలి, వెలుతురు.

గాలి గదిలోకి రావాలంటే వచ్చే దారితోపాటు బయటికి పోయే దారీ ఉండాలి. ఒక్క కిటికీ తెరిచి ఫ్యాన్‌ వేస్తే ఉన్న గాలే తిరుగుతుంది తప్ప కొత్త గాలి రాదు. వెలుతురు, గాలి లేని గదుల్లో గోడలు చెమ్మగిల్లుతాయి. అల్మరా వెనక బూజు పడుతుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు ఈ బూజు, దుమ్ము చాలు, రాత్రంతా ఆయాసపడటానికి. క్షయ వంటి జబ్బులు గాలి ద్వారానే అంటుకుంటాయి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. ఇంట్లో ఒకరికి ఆ జబ్బుండి, చికిత్స మొదలు కాకపోతే తలుపులు మూసిన గది మిగతావారికీ ముప్పే.

పక్క కిటికీలు మూసుకుపోయినవారు ఏం చేయాలి? రోడ్డువైపు, వెనకవైపు కిటికీలను ఉదయం, సాయంత్రం ఒకేసారి తెరిచి ఉంచాలి. మధ్య గదుల తలుపులూ తీసి పెడితే గాలికి దారి దొరుకుతుంది. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి మేడ మీది మెట్ల గది వెంటిలేటర్‌నో తలుపునో దోమల జాలీ బిగించి తెరిచి ఉంచితే ఇల్లంతా చల్లబడుతుంది. డాబాకు సున్నం కానీ తెల్లటి కూల్‌రూఫ్‌ పెయింటు కానీ వేయించుకుంటే పై అంతస్తులో వేసవి తాపం తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం కూల్‌రూఫ్‌ విధానాన్నే తెచ్చింది. ఏసీ పెట్టించేటప్పుడు అవుట్‌డోర్‌ యూనిట్‌ను సందులో బిగిస్తే ఆ వేడంతా పక్కింటి పడకగదిలోకే పోతుంది. వారు కిటికీ మూసుకుని వారూ ఏసీ పెట్టించుకుంటారు. వారి వేడి మళ్లీ మన మీదికి. అదేదో డాబా మీదో రోడ్డువైపో పెట్టిస్తే పోలా?

స్నానాల గదిలో కనిపించని ముప్పు

గ్యాస్‌ గీజర్‌ ఉన్నవారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. చిన్న ఇళ్లలో స్నానాల గది వెంటిలేటర్‌ సందులోకే ఉంటుంది. పక్కవారు గోడ లేపినా, చలికి మనమే అట్టముక్క అడ్డం పెట్టినా గాలి ఆగిపోతుంది. అప్పుడు గ్యాస్‌ పూర్తిగా మండక కార్బన్‌ మోనాక్సైడ్‌ వెలువడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం... ఆ తర్వాత తలుపు గడియ తీసే శక్తి కూడా ఉండదు. గీజర్‌ను స్నానాల గది బయట, గాలి ఆడేచోట బిగించుకోవడం మేలు. కుదరకపోతే వేడినీళ్లు బకెట్లో పట్టుకుని, గీజర్‌ ఆపేసి, గాలి ఆడనిచ్చిన తర్వాతే స్నానానికి వెళ్లాలి. వెంటిలేటర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు.

దోమల కాయిల్‌ విషయమూ అంతే. ఒక్క కాయిల్‌ కాలితే వెలువడే సూక్ష్మ ధూళి కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటాయని 2003 నాటి అధ్యయనమొకటి తేల్చింది. మూసిన గదిలో చంటిపిల్లల పక్కన దాన్ని వెలిగించడం కన్నా దోమతెర ఎంతో నయం.

పక్కింటి కుండీ, మనింటి జ్వరం

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్‌ దోమ మురుగులో పుట్టదు. శుభ్రమైన నిల్వనీటిలో పుడుతుంది. పగటిపూట, ముఖ్యంగా పొద్దున్నే, సూర్యాస్తమయానికి ముందు ఎక్కువగా కుడుతుంది. అది ఎంతో దూరం ఎగరదు. పుట్టినచోటికి చుట్టుపక్కలే తిరుగుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా డెంగీ వచ్చిందంటే ఆ దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఎదురింట్లోనో పుట్టి ఉండే అవకాశమే ఎక్కువ. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి, శుక్రవారం ‘డ్రై డే’ పాటించమని ఆరోగ్యశాఖ చెబుతుంది. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర గోడలకు అంటుకుని నెలల తరబడి బతికే ఉంటాయి. తొట్టి, కూలర్‌, ఫ్రిజ్‌ వెనక ట్రే... అన్నింటినీ రుద్ది కడగాలి. సంపుకు, ఓవర్‌హెడ్‌ ట్యాంకుకు బిగుతైన మూత ఉండాలి.

శివారు కాలనీల్లో ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు. స్లాబ్‌ వేశాక క్యూరింగ్‌ కోసం గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు. ఇటుకలు తడపడానికి తొట్టి నింపి వదిలేస్తారు. వారం దాటితే అవన్నీ దోమల పెంపక కేంద్రాలే. యజమాని ఎక్కడో ఉంటారు. జ్వరం మాత్రం చుట్టుపక్కల పిల్లలకు. స్లాబ్‌ మీద నీటిని రెండు మూడు రోజులకోసారి పూర్తిగా తీసేసి, ఆరనిచ్చి, మళ్లీ నింపమని మేస్త్రీకి చెప్పడం పొరుగువారి హక్కు. చెప్పించుకుని పాటించడం యజమాని బాధ్యత.

నీటి సంగతీ ఇలాంటిదే. భూగర్భ డ్రైనేజీ అందని కాలనీల్లో ప్రతి ఇంటికీ సెప్టిక్‌ ట్యాంకు, ప్రతి ఇంటికీ బోరు. మురుగు ఇంకే గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలన్నది సాధారణ సూత్రం. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న 150 గజాల స్థలంలో ఈ మూల నుంచి ఆ చివరికి నిలువునా కొలిచినా 14 మీటర్లు రాదు! మన బోరుకు మన ట్యాంకు దూరంగా ఉన్నా పక్కింటి ట్యాంకు దగ్గరై కూర్చుంటుంది. టైఫాయిడ్‌, కామెర్లు తెచ్చే హెపటైటిస్‌-ఎ, ఇ వైరస్‌లకు అదే దారి. హెపటైటిస్‌-ఇ గర్భిణులకు మరీ ప్రమాదకరం. బోరు నీరు తేటగా ఉందని నమ్మి తాగొద్దు. పరీక్ష చేయించాలి, లేదా కాచి చల్లార్చి తాగాలి. కొత్తగా బోరు వేయించేటప్పుడు పక్కవారి సెప్టిక్‌ ట్యాంకు ఏ మూలన ఉందో అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

నిద్ర కూడా ఉమ్మడిదే

నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ దాటకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. నిద్రలో మెలకువ రానంత శబ్దానికి కూడా గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే అధిక రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి మోటారు వేయక తప్పని రోజులుంటాయి. అయితే దాని కింద ఓ రబ్బరు షీటు వేయిస్తే అదురు గోడ దాటి వెళ్లదు. డ్రిల్లింగ్‌, టైల్స్‌ కోత పనులు పగలే ముగించాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నర్సు, చంటిబిడ్డ తల్లి, గుండె ఆపరేషన్‌ అయిన తాతగారు... గోడకు అవతల ఎవరున్నారో తెలిస్తే గొంతు దానంతటదే తగ్గుతుంది. తెలియకపోవడమే అసలు సమస్య.

దగ్గరితనమే మందు

ఇన్ని ఇబ్బందులు ఏకరవు పెట్టాక రెండో వైపూ చూడాలి. ఈ కాలనీల్లో చాలా ఇళ్లలో ఇప్పుడు ఉంటున్నది పెద్దవాళ్లిద్దరే. కొన్నిచోట్ల ఒక్కరే. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే కొడుక్కి ఫోన్‌ చేస్తే అతడేం చేయగలడు? పక్కింటివారు మాత్రం అరనిమిషంలో గుమ్మం ముందుంటారు. గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్‌ ఆలస్యమయ్యే కొద్దీ, నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుంది. 108 అంబులెన్స్‌ ఎంత వేగంగా వచ్చినా పక్కింటివారి కన్నా ముందు రాలేదు. పక్షవాతం లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వాలి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి పడిపోవడం... వీటిని ముందుగా గమనించేది రోజూ పలకరించేవారే.

అందుకే ప్రతి వీధిలోనూ ఈ నాలుగు పనులు జరగాలి. ఒంటరిగా ఉండే పెద్దల ఇంటి తాళం చెవి ఒకటి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉండాలి. వారు వాడే మందుల పేర్లు, పిల్లల ఫోన్‌ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాలి. కాలనీ సంక్షేమ సంఘం వినాయక చవితికి పందిరి వేసినంత శ్రద్ధగా ఏడాదికోసారి సీపీఆర్‌ శిక్షణ పెట్టించాలి. నాలుగోది, అన్నింటికన్నా తేలికైనది, అయినా ఎవరూ చేయనిది... రాత్రిళ్లు వీధిలో కార్లు రెండువైపులా పెట్టకుండా, అంబులెన్స్‌, ఫైరింజన్‌ పోయేంత దారి వదలాలి. ఇరవై అడుగుల వీధిలో రెండు కార్లు ఎదురెదురుగా నిలిపితే 108 వీధి చివరే ఆగిపోతుంది. స్ట్రెచర్‌ను చేతులతో మోసుకురావాల్సి వస్తుంది. ఆ రోజు మోసేది మన ఇంటివారినే కావొచ్చు.

గొడవపడి మాటలు మానుకున్న ఇళ్లు ప్రతి వీధిలో ఉంటాయి. నీళ్లు జారాయనో, కొమ్మ వాలిందనో, బండి అడ్డం పెట్టారనో మొదలవుతుంది. అయిదేళ్లు గడిచినా మొదట పలకరించేదెవరన్న పంతం మిగిలిపోతుంది. ఆ పంతం ఖరీదు ఎంతో ఆపద వచ్చిన రాత్రి గానీ తెలియదు. ప్రహరీకి అటూ ఇటూ ఉన్న ఆ మూడడుగులను చెత్తతోనో రేకులతోనో మౌనంతోనో నింపొద్దు. గాలి ఆడనిద్దాం, మాటా ఆడనిద్దాం. ఈ ఆదివారం సందు శుభ్రం చేసుకుందాం. చీపురు పట్టుకున్నప్పుడు అవతలి వైపు ఎవరైనా కనిపిస్తే ముందుగా మనమే పలకరిద్దాం.