పెళ్ళి నిజమైతే సరిపోదు

సూరత్‌లో ఘోడ్‌దోడ్ రోడ్డు మీదో, అడాజన్‌లోనో వీసా కన్సల్టెంట్ ముందు కూర్చున్న కొత్త జంటకు మొదట వినిపించే ధైర్యవచనం ఒకటుంది: పెళ్ళి నిజమైనదైతే భయమెందుకు? అమెరికా సంబంధం కుదుర్చుకున్న హైదరాబాదు ఇంట్లోనూ ఇదే మాట. వీసా నిబంధనలను వెనకేసుకొచ్చే పెద్దమనుషులదీ ఇదే వాదన. ఆ ప్రశ్నలు, ఫైళ్ళు, ఇంటర్వ్యూలు అన్నీ దొంగ పెళ్ళిళ్ళను పట్టుకోవడానికేనట. నిజాయితీ గల దంపతులకు కాస్త ఆలస్యం జరిగితే జరగవచ్చు గాని అన్యాయం జరగదట. నిజం నిలకడ మీద తెలుస్తుందని సామెత కూడా జోడిస్తారు.

వినడానికి సబబుగానే ఉంది. కాని తప్పు. సరిహద్దు దగ్గర తేలేది పెళ్ళి నిజమా అబద్ధమా అన్నది ఒక్కటే కాదు. చాలాసార్లు అది అసలు ప్రశ్నే కాదు. వచ్చేది ఎవరు, పిలిపించుకునేవాళ్ళ సంపాదన ఎంత, ఆ ఏడు ప్రభుత్వానికి ఎవరంటే గిట్టదు అన్నవే అక్కడ నడిచే లెక్కలు. సాక్ష్యం కోసం లండన్ దాకా పోనక్కర్లేదు. సూరత్ రేవులోనే దొరుకుతుంది.

1608 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ మనిషి విలియం హాకిన్స్ ‘హెక్టర్’ ఓడలో ఇక్కడికి వచ్చాడు. మొగలుల ప్రధాన రేవు అప్పుడు ఇదే. రేవు వ్యవహారాలు చూసే ముఖర్రబ్ ఖాన్ తన సరుకును తోచిన ధరకు లాగేసుకుని ముప్పుతిప్పలు పెట్టాడని హాకిన్స్ రాసుకున్నాడు. మరుసటి ఏడు ఆగ్రా చేరాక జహంగీర్ అతన్ని చేరదీసి, నాలుగు వందల గుర్రాల మన్సబు హోదా ఇచ్చి, ఇక్కడే స్థిరపడేలా పెళ్ళి చేసుకోమన్నాడు. క్రైస్తవ పిల్ల అయితేనే చేసుకుంటానన్నాడు హాకిన్స్. అక్బర్ కొలువులో పనిచేసి చనిపోయిన ముబారక్ ఖాన్ అనే ఆర్మీనియన్ కూతురు మరియంను చూపించారు. పాదరీ దొరకలేదు. హాకిన్స్ నౌకరు నికొలస్ ఉఫ్లెట్టే పాదరీ స్థానంలో నిలబడి, క్రైస్తవ సాక్షుల ఎదుట తంతు జరిపించాడు.

చక్రవర్తి కుదిర్చిన సంబంధం అది. అయినా కంపెనీ కప్తాను హెన్రీ మిడిల్టన్ ఓడల్లో వచ్చిన ఇంగ్లీషు మతబోధకుడు ఆ పెళ్ళిలో దోషం ఉందని తేల్చాడు. హాకిన్స్ తన భార్యనే మళ్ళీ పెళ్ళాడాల్సి వచ్చింది. మొగుడూ పెళ్ళాలు వాళ్ళే, కాపురం అదే. మారింది దాన్ని పరీక్షించే పెద్దమనిషి ఒక్కడే.

మరియం కథ అక్కడితో ఆగలేదు. కూతుర్ని అంత దూరం పంపేది లేదని పుట్టింటివాళ్ళు పట్టుబడితే, గోవా దాకానే అని నమ్మించి హాకిన్స్ ఆమెను 1612లో ఓడెక్కించాడు. ఇంగ్లండు చేరకముందే అతను పోయాడు. మొగుడి దేశంలో విధవగా అడుగుపెట్టిన మరియం 1614లో కంపెనీ ఉద్యోగి గాబ్రియల్ టవర్‌సన్‌ను పెళ్ళాడి, 1617లో అతనితో తిరిగి సూరత్ వచ్చింది. ఇంగ్లీషు వర్తకుడు రిచర్డ్ స్టీల్‌ను రహస్యంగా పెళ్ళాడిన ఫ్రాన్సెస్ కూడా ఆ ఓడల్లోనే వచ్చింది. ఈ ఆడవాళ్ళ రాక ఇంగ్లండు రాయబారి థామస్ రోకు కంటగింపైంది. అతని బాధల్లా కంపెనీ మీద పడే ఖర్చు గురించీ, పనికి కలిగే ఆటంకం గురించీ. పెళ్ళి నిజమా బూటకమా అని కాదు. 1615లో సూరత్‌లో దిగినప్పుడు, తాను రాజుగారి ప్రతినిధిననీ, తన పరివారాన్ని సుంకపు అధికారులు సోదా చేయడానికి వీల్లేదనీ పంతం పట్టింది కూడా ఈ రోనే. తన మనుషుల ఒంటి మీద చెయ్యి పడకూడదు. ఇతరుల భార్యలు మాత్రం వెనక్కి పోవాలి. చివరికి టవర్‌సన్ భార్యను ఈ దేశంలోనే వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆగ్రాలో ఉన్న కంపెనీ ఉద్యోగులను ఆమె డబ్బు సాయం అడగాల్సి వచ్చింది. ఆమె పెళ్ళిళ్ళు రెండూ నిజమైనవే. ఆ నిజం ఆమెను ఎక్కడా కాపాడలేదు.

నాలుగు వందల ఏళ్ళ నాటి రేవు సంగతులతో ఇప్పటి వీసాలను కొలవడమేమిటని ఎవరైనా అనవచ్చు. అయితే మొన్నటి బ్రిటన్‌నే చూద్దాం. సూరత్, నవ్‌సారి, భరూచ్ జిల్లాల కుటుంబాలు లీసెస్టర్, బోల్టన్, బ్లాక్‌బర్న్ పట్టణాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. పిల్లనివ్వడాలు, తెచ్చుకోవడాలు ఇటూ అటూ సాగుతూనే ఉన్నాయి. 1979 జనవరి 24న హీత్రూ విమానాశ్రయంలో, కాబోయే భర్త కోసం వచ్చిన 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయురాలికి అధికారులు కన్యత్వ పరీక్ష చేయించారు. మూడు నెలల్లో పెళ్ళాడబోయే స్త్రీకి అప్పట్లో వీసా అక్కర్లేదు. పెళ్ళయిన స్త్రీ మాత్రం ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఈమెకు పెళ్ళి అయిపోయి ఉంటుందని వాళ్ళ అనుమానం. గార్డియన్ పత్రిక బయటపెట్టాక ఫిబ్రవరిలో ఆ పద్ధతిని నిలిపివేశారు. ఇవాన్ స్మిత్, మారినెల్లా మార్మో అనే ఆస్ట్రేలియా పరిశోధకులు పాత ప్రభుత్వ ఫైళ్ళు తిరగేశాక, భారత ఉపఖండానికి చెందిన కనీసం 80 మంది స్త్రీలకు ఇలాంటి పరీక్షలు జరిగాయని 2011లో లోకానికి తెలిసింది. నిజాయితీ గల మనిషికి భయమెందుకు అనేవాళ్ళు ఆ ఉపాధ్యాయురాలికి ఏమని జవాబు చెబుతారు? ఆమె చెప్పింది నిజమే.

అంతకంటే పదునైన సాక్ష్యం ఇంకొకటుంది. 1980ల్లో బ్రిటన్ ‘ప్రైమరీ పర్పస్’ అనే నియమం నడిపింది. బ్రిటన్‌లో ఉన్న స్త్రీని పెళ్ళాడి వచ్చే భర్త, తన పెళ్ళికి ముఖ్యోద్దేశం బ్రిటన్ చేరడం కాదని తానే రుజువు చేసుకోవాలి. దంపతులు కలిసి కాపురం చేస్తారా అన్నది వేరే షరతు. అంటే కాపురం నిజమేనని ఒప్పుకుంటూనే, ఉద్దేశం నచ్చలేదని తిప్పి పంపే వీలును నియమంలోనే పెట్టుకున్నారు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో, మనసులో ఫలానా ఆశ లేదని ఎవరు మాత్రం ఎలా రుజువు చేస్తారు? ఉద్యోగం, ఊరు, జీతం చూసే కదా మన ఇళ్ళల్లో సంబంధాలు కలుపుకుంటారు!

ఆ కాలపు నియమాల మీద బ్రిటన్‌లో స్థిరపడిన ముగ్గురు స్త్రీలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. భార్యలను రానిచ్చినంత తేలిగ్గా భర్తలను రానివ్వకపోవడం లింగవివక్షేనని 1985 మే 28న అబ్దులజీజ్, కబాలెస్, బాల్కందాలి కేసులో ఆ కోర్టు తీర్పు చెప్పింది. బ్రిటన్ ఏం చేసింది? భర్తల మీది ఆంక్షలు సడలించలేదు. అవే ఆంక్షలను భార్యల మీద కూడా పెట్టి, ఇప్పుడు ఇద్దరూ సమానమేనంది. ప్రైమరీ పర్పస్ నియమం 1997లో గాని పోలేదు.

దాని స్థానంలో డబ్బు వచ్చి కూర్చుంది. 2012 జూలై నుంచి, విదేశీ భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే బ్రిటన్‌లో ఉన్నవారికి ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలన్నారు. 2024 ఏప్రిల్‌లో దాన్ని 29,000 పౌండ్లు చేశారు. రూపాయల్లో ముప్పై లక్షల పైమాటే. లీసెస్టర్‌లో కుట్టుపనో, వంటపనో చేసే మనిషికి ఇది అందే మెట్టు కాదు. ఇక్కడ పెళ్ళి ఫొటోలు, సాక్షులు, ఉత్తరాలు ఎన్ని చూపించినా పనికిరావు. పేదవాడి నిజమైన పెళ్ళి కంటే పెద్ద జీతమున్నవాడి పెళ్ళికే తలుపు తెరుచుకుంటుంది.

అమెరికాలో న్యాయస్థానమే ఈ సంగతిని దాచకుండా చెప్పింది. లాస్ ఏంజిలస్ న్యాయవాది, అమెరికా పౌరురాలు సాండ్రా మున్యోజ్ 2010లో ఎల్ సాల్వడార్ వ్యక్తిని పెళ్ళాడింది. వీసా కోసం అతను స్వదేశం వెళ్తే, 2015లో అక్కడి అమెరికా కాన్సులేట్ నిరాకరించింది. ఒంటి మీది పచ్చబొట్లు చూసి ముఠా మనిషి అనుకున్నారన్నది దంపతుల అనుమానం. ముఠా సభ్యుడన్న నమ్మకమే కారణమని ప్రభుత్వం చెప్పింది వాళ్ళు కోర్టుకెక్కాకే. పెళ్ళి నిజమేనన్నదానిలో వివాదం లేదు. అయినా భర్తను దేశంలోకి రానివ్వమని అడిగే మౌలిక హక్కు పౌరురాలికి లేదని 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 6–3 తేడాతో తీర్పునిచ్చింది. అమెరికా సంబంధాలు వెతికే మన ఇళ్ళల్లో ఈ తీర్పు గురించి ఎంతమంది మాట్లాడుకున్నారు?

ఎదుటి పక్షానికి ఒక బలమైన జవాబు ఉంది, దాన్ని దాటవేయకూడదు. దొంగ పెళ్ళిళ్ళు ఉన్నాయి. డబ్బులు పుచ్చుకుని పేపర్ల మీద మొగుళ్ళయ్యేవాళ్ళున్నారు. విదేశీ సంబంధమని కట్నం గుంజి, పిల్లను విమానాశ్రయంలోనో అత్తారింట్లోనో వదిలేసే ఎన్నారై అల్లుళ్ళు తెలుగు రాష్ట్రాలకు తెలియనివాళ్ళు కారు. గట్టి తనిఖీ లేకపోతే ఆడపిల్లలే బలవుతారని ఎదుటి పక్షం అంటుంది.

కాని వదిలేసిన అల్లుడి పెళ్ళి దొంగ పెళ్ళి కాదు. బంధువుల నడుమ, ఊరందరి ఎదుట, ఆల్బమ్‌తో సహా జరిగిన పెళ్ళి. వీసా అధికారి వేసే ఏ ప్రశ్నకైనా అది ధీమాగా నిలబడుతుంది. దొంగ పెళ్ళి నడిపేవాడు కూడా ప్రశ్నలు ముందే బట్టీపట్టించి, ఫైలు నీటుగా పేర్చుకొస్తాడు. తడబడేది మాత్రం అధికారి ముందు నోరు పెగలని మామూలు ఇల్లాలు. పరీక్ష నెగ్గేది నిజాయితీ కాదు, తయారీ.

పైగా స్త్రీలను కాపాడతామన్న ఈ నిబంధనలే వాళ్ళను మొగుడి చేతికి అప్పజెబుతాయి. 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం, పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా వచ్చినవారికి షరతులతో కూడిన గ్రీన్‌కార్డే ఇస్తారు. షరతు ఎత్తివేయమని దంపతులిద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. హెచ్1బీ ఉద్యోగుల భార్యలకు, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే తప్ప, పని చేసుకునే అనుమతి లేదు. ఆ వెసులుబాటు కూడా 2015 మేలోనే వచ్చింది. సంతకం ఒకరి చేతిలో ఉంటే దెబ్బలు తిన్నవాళ్ళు ఎక్కడికి పోతారు? అమెరికా 1994లో హింసకు గురైన భార్యలకు వేరుగా దరఖాస్తు చేసుకునే దారి చూపింది. బ్రిటన్‌లో సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఏళ్ళ తరబడి పోరాడాకే అలాంటి మినహాయింపు దక్కింది. ఆడవాళ్ళను ఏదైనా కాపాడిందంటే అది ఈ మినహాయింపులే గాని తనిఖీలు కావు.

ఇదంతా పరాయి దేశాల దోషమని చేతులు దులుపుకోవడానికీ లేదు. భారతీయుణ్ణి పెళ్ళాడి సూరత్‌లో కాపురం పెట్టిన విదేశీ కోడలి సంగతి చూడండి. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిలవాలి. పౌరసత్వ చట్టం 5(1)(సి) కింద పౌరసత్వం అడగాలంటే ఏడేళ్ళు ఇక్కడే నివసించాలి. విడాకులైతే 7డి సెక్షన్ కింద ఆమె ఓసీఐని రద్దు చేయవచ్చు. కొట్టి తరిమినా, తానే పారిపోయినా తేడా లేదు. పాత విదేశీయుల చట్టాలు నాలుగింటిని కలిపి తెచ్చిన 2025 ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. లోపలికి రానివ్వాలా వద్దా అన్నదానిలో ఇమ్మిగ్రేషన్ అధికారి మాటే తుది అని అందులో ఉంది. 2023 డిసెంబరులో కేంద్రం అంతర్జాతీయ హోదా ఇచ్చిన సూరత్ విమానాశ్రయంలోని కౌంటరుకూ ఆ అధికారం వర్తిస్తుంది.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తానీయుల వీసాలు రద్దయినప్పుడు అట్టారీ గేటు దగ్గర తల్లి పాస్‌పోర్టు ఒక దేశానిది, పిల్లల పాస్‌పోర్టులు మరో దేశానివి అయిన కుటుంబాలు విడిపోవడం దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నిర్ణయానికి ప్రభుత్వం దగ్గర భద్రతా కారణాలున్నాయి. కాని ఆ దంపతుల్లో ఎవరి పెళ్ళినీ ఎవరూ శంకించలేదన్నది కూడా అంతే వాస్తవం.

సరిహద్దు తెచ్చే ఈ తేడా సూరత్ తెలుగువాళ్ళకు బాగా తెలిసి ఉండాలి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు మగ్గాల పని మీద ఇక్కడికి వచ్చి లింబాయత్ చుట్టుపక్కల పాతుకుపోయారు. నగరపాలక సంస్థ వాళ్ళ పిల్లల కోసం తెలుగు బడులూ నడుపుతోంది. సిరిసిల్ల పిల్ల రెండు రాష్ట్ర సరిహద్దులు దాటి లింబాయత్‌కు కోడలిగా వస్తే ఎందుకు చేసుకున్నావని, మొగుడి జీతమెంతని ఏ అధికారీ అడగడు. రాష్ట్రం వేరు, దేశం వేరు, నిజమే. దేశానికి తన గడప కాచుకునే హక్కుంది. ఆ కాపలాను పెళ్ళి నిజానిజాల పరీక్షగా నమ్మించడమే అభ్యంతరం. అలా నమ్మినంతకాలం, తిరస్కరణ ఎదురైన ప్రతి జంట వైపూ ఊరు అనుమానంగా చూస్తుంది. అధికారి కారణం చెప్పకపోయినా, తప్పు వీళ్ళదేనని తీర్మానిస్తుంది.

కావలసింది దయాదాక్షిణ్యాలు కాదు. వద్దన్నప్పుడు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. దాని మీద ఆ నిర్ణయం తీసుకున్న శాఖకు సంబంధం లేని వేదిక ముందు అప్పీలు ఉండాలి. వచ్చిన భార్యకో భర్తకో మొదటి రోజు నుంచే సొంత పేరున నిలిచే హోదా ఉండాలి. వాషింగ్టన్‌ను, లండన్‌ను మార్చడం మన చేతుల్లో లేదు. అధికారి మాటే తుది అన్న నిబంధనకు అప్పీలు జోడించడం, హింస వల్ల విడిపోయినవారికి 7డి నుంచి మినహాయింపు ఇవ్వడం మాత్రం ఢిల్లీలో జరగవలసిన పనులు. విదేశీ కాన్సులేట్ల తీరు మీద పార్లమెంటులో ప్రశ్నలు వేసే గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎంపీలు ఈ రెండు సవరణలూ ముందుగా అడగాలి.