పచ్చి తలకాయలు చెరువులోకి వద్దు

పీలింగ్ షెడ్ల నుంచి వచ్చే రొయ్య తలకాయలను, పెంకులను ఉడికించకుండా చేపల చెరువులో, పీతల చెరువులో మేతగా వేస్తున్నవారు ఈరోజే ఆపాలి. చౌకగా దొరికే ఆ మేతతోపాటు రొయ్యలకు తెల్లమచ్చ రోగం తెచ్చే వైట్ స్పాట్ వైరస్ కూడా రావచ్చు.

రొయ్యల చెరువులో తెల్లమచ్చ కనబడితే రైతు వెంటనే వల వేయించి ఉన్న సరుకు అమ్ముకుంటాడు. పెట్టుబడిలో కొంతైనా రావాలి కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. ఈ వైరస్ మనుషులకు సోకదు గనుక తినేవారికీ భయం లేదు. చిక్కంతా షెడ్డులో తీసేసిన తలతోనే. వైరస్ మొప్పల్లో, పెంకు కింది పొరలో దండిగా ఉంటుంది. రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పట్టేది కాలేయ గ్రంథిని. ఆ గ్రంథి ఉండేదీ తలలోనే. ఒలిచిన రొయ్య ఎగుమతికి పోతే, రోగమున్న తల లారీ ఎక్కి మళ్లీ చెరువుల మధ్యకే వస్తుంది. ఆ తల తిని వైరస్ సోకిన పీత పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. కాకి జారవిడిచిన ముక్క, డ్రెయిన్‌లోకి వదిలిన నీరు చాలు, పక్క రైతు మునగడానికి.

తెల్లమచ్చ రోగానికి మందు లేదు. సోకిన చెరువు 3 నుంచి 10 రోజుల్లో ఖాళీ కావచ్చు. 1994-95లో తూర్పు తీరంలో టైగర్ రొయ్య సాగును కూల్చింది ఇదే. తర్వాత వచ్చిన వనామీ రొయ్యకీ దీని నుంచి రక్షణ లేదు.

‘ఐసులో పెట్టిన సరుకే కదా’ అనుకోవద్దు. గడ్డకట్టించినా వైరస్ చావదు. 2016 చివర్లో ఆస్ట్రేలియాలోని లోగన్ నది ఒడ్డు చెరువుల్లో వైట్ స్పాట్ బయటపడింది. దుకాణాల్లో అమ్ముతున్న దిగుమతి పచ్చి రొయ్యల్లోనూ వైరస్ కనిపించడంతో, 2017 జనవరిలో ఆ దేశం వాటి దిగుమతిని నిలిపివేసింది.

‘ఎండబెట్టి పొడి చేశాం, కోళ్లకే వేస్తున్నాం’ అన్నా చాలదు. పొడిలో వేరే క్రిములూ చేరవచ్చు. 1970 ప్రాంతంలో పెరూ చేపపొడిలో చేరిన సాల్మొనెల్లా బ్యాక్టీరియా కోళ్ల మేత ద్వారా అమెరికా, బ్రిటన్ ప్రజల దాకా పాకింది.

తలకాయల్ని పారబోయమనడం లేదు. రొయ్య బరువులో మూడో వంతుకు పైగా తలే. అందులో మాంసకృత్తులున్నాయి, కైటిన్ ఉంది. వాటిని ఫ్యాక్టరీలో పూర్తిగా ఉడికించి, ఆరబెట్టి, తేమ తగలకుండా నిల్వ చేసి కోళ్ల మేతకు వాడాలి. రొయ్య పొడి రొయ్యకు వేయవద్దు. సాగు చేపల పొడిని అదే జాతి చేపలకు మేపడాన్ని ఐరోపా సమాఖ్య ఇప్పటికే నిషేధించింది.

రైతులు రోగమున్న పట్టుబడి సంగతి కొనుగోలుదారుకు ముందే చెప్పాలి. ప్లాంట్లు ఆ తలకాయల్ని విడిగా ఉంచి, ఉడికించే చోటికే పంపాలి. ఏ లారీ ఎక్కడికి వెళ్లిందో మత్స్యశాఖ రికార్డు అడగాలి. పచ్చి సరుకుతో లారీ మీ గట్టు మీదికి వస్తే, ఊరికే ఇస్తామన్నా దించనివ్వకండి.