ఓడెక్కడానికి అడ్డేమిటి?

చంద్రగిరి కోట చూడ్డానికి వచ్చే కాలేజీ అమ్మాయిల్ని అడిగి చూడండి, సముద్రం మీదికి ఎంతమంది వెళ్లారో. చెన్నై మెరీనా బీచ్‌లో కాళ్లు తడుపుకున్నవాళ్లే ఎక్కువగా తేలతారు. అంతకు మించి వెళ్తామంటే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "నీకు నీళ్లగండం ఉందని చెప్పినారు కదమ్మా, ఎందుకొచ్చిన సరదాలు?" అదే గండం అన్నయ్య జాతకంలోనూ ఉండొచ్చు. కానీ వాడు స్నేహితులతో గోవా వెళ్లి బోటెక్కి వస్తే ఎవరూ పంచాంగం తియ్యరు!

ఈ మాట ఇప్పుడెందుకంటే, కొన్నేళ్లుగా మన ఆడవాళ్లు సముద్రం మీద చేస్తున్న ఘనకార్యాలు పేపర్లలో వస్తున్నాయి. మరోవైపు పాత తెరచాప ఓడలకు మరమ్మతులు చేసి, వాటి మీద "సాహస సెలవులు" గడపమని విదేశీ సంస్థలు పిలుస్తున్నాయి. చదువుకుని, ఉద్యోగం చేస్తూ, చేతిలో నాలుగు డబ్బులున్న మన అమ్మాయిలు కూడా ఆ వైపు చూస్తున్నారు. వెళ్లనివ్వాలా వద్దా అని తేల్చేముందు అసలు ఆ ప్రయాణం ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

తారిణి చెప్పిన పాఠం

2017 సెప్టెంబర్ 10న ఆరుగురు నౌకాదళ అధికారిణులు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లే. పి. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్. పట్టుమని అరవై అడుగులు కూడా లేని ఆ పడవలో ప్రపంచమంతా చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. మొత్తం 254 రోజులు, దాదాపు 21,600 నాటికల్ మైళ్లు. దక్షిణ పసిఫిక్‌లో తుపాను గాలులు తట్టుకున్నారు. తిరుగు దారిలో చుక్కాని తిప్పే యంత్రం పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు.

2024 అక్టోబర్ 2న అదే పడవలో ఈసారి ఇద్దరే వెళ్లారు, దిల్నా, రూపా. 238 రోజుల్లో 25,400 నాటికల్ మైళ్లు తిరిగి 2025 మే 29న గోవా చేరారు.

ఇవి చదివి "అబ్బ, ఎంత ధైర్యమో!" అనుకుని పేజీ తిప్పేస్తాం. కానీ వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఒక్క ధైర్యమే కాదు. దిల్నా, రూపా ఆ యాత్రకు ముందు మూడేళ్లు శిక్షణ తీసుకున్నారు. గాలి లెక్క, మర పని, వైద్యం, కుట్టుపని అన్నీ నేర్చుకున్నారు. చిరిగిన తెరచాపను నడిసముద్రంలో కుట్టుకోవలసింది తామే కదా! గండం అనే మాటకు అసలు విరుగుడు ఈ శిక్షణే.

సెలవులంటే చాకిరీయా?

మరి డబ్బు కట్టి ఎక్కే పాత ఓడల సంగతి? ఉదాహరణకు 'యూరోపా' అనే డచ్చి ఓడ. 1911లో జర్మనీలో దీపపు ఓడగా, అంటే నీటిపై తేలే లైట్‌హౌసుగా కట్టారు. తర్వాత డచ్చివాళ్లు కొని, ఏళ్ల తరబడి బాగుచేసి, 1994లో మూడు స్తంభాల తెరచాప ఓడగా నీటిలోకి వదిలారు. అంటార్కిటికా దాకా వెళ్తుంది. నార్వేలో 1914 నాటి 'స్టాట్స్‌రాడ్ లేమ్‌కూల్' కూడా ఇలాంటిదే.

వీటిలో ప్రయాణికులు అతిథులు కారు, పనివాళ్లు. వంతులవారీగా రాత్రీపగలూ డ్యూటీ. చుక్కాని పట్టాలి, తాళ్లు లాగాలి, చీకట్లో ముందు కాపలా కాయాలి. ఇష్టమైతే స్తంభం ఎక్కి తెరచాప చుట్టాలి. పడుకునే చోటూ నలుగురితో పంచుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి వాంతులే. డబ్బిచ్చి ఈ చాకిరీ ఎందుకని నవ్వుతారా? ఇంట్లో జీతం లేని చాకిరీ చేసే మనకు ఆ నవ్వు త్వరగానే వస్తుంది. కానీ తేడా ఒకటుంది. అక్కడ అంట్లు తోమే వంతు మగవాళ్లకూ వస్తుంది, చుక్కాని పట్టే వంతు ఆడవాళ్లకూ వస్తుంది. వెళ్లొచ్చినవాళ్లకు గుర్తుండిపోయేది ఇదే.

భయం ఎక్కడ అవసరం?

అలాగని ప్రమాదం లేదని ఎవరూ చెప్పకూడదు. 2006 డిసెంబర్‌లో అట్లాంటిక్‌లో వెళ్తున్న ఒక శిక్షణ ఓడ మీదినుంచి పాతికేళ్ల కెనడా అమ్మాయి రాత్రిపూట కెరటానికి కొట్టుకుపోయింది. ఆమె ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు, నడుముకు తాడు లేదు. 2012 అక్టోబర్‌లో 'బౌంటీ' అనే ఓడ, శాండీ తుపాను వస్తోందని తెలిసీ రేవు వదిలి మునిగిపోయింది. ఇద్దరు పోయారు.

అంతదూరం ఎందుకు? 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో 77 మంది ఉంటే బయటపడింది 26 మందే. బాధితుల్లో తిరుపతి వాళ్లూ ఉన్నారు. అంత వరదలో బోటు ఎందుకు కదిలిందన్నదే అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న. ఈ మూడు చోట్లా గండం ఎవరి జాతకంలోనూ లేదు, పాటించని జాగ్రత్తల్లో ఉంది.

అందుకే ఇంట్లో వాదించేముందు అమ్మాయిలు, అమ్మలు కలిసి కూర్చుని ఈ వివరాలు కనుక్కోండి:

* ఓడకు తనిఖీ పత్రం ఎవరిచ్చారు? ఏ ఏడాది దాకా చెల్లుతుంది?
* రాత్రి డ్యూటీలో, గాలి ముదిరినప్పుడు నడుముకు తాడు కట్టుకోవడం తప్పనిసరా, ఎవరిష్టం వాళ్లదా?
* వాతావరణం బాగాలేకపోతే ప్రయాణం వాయిదా వేస్తారా? డబ్బు తిరిగిస్తారా?
* సిబ్బందిలో ఆడవాళ్లు ఎంతమంది? గదులు, స్నానాల గదుల ఏర్పాటు ఏమిటి? బహిష్టు రోజుల్లో నీటి వాడకం ఎలా?
* ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?
* నడిసముద్రంలో జబ్బు చేస్తే ఒడ్డుకు చేర్చే ఖర్చు బీమాలో ఉందా?

వీటికి సూటిగా జవాబివ్వని ఓడ ఎంత అందంగా ఉన్నా ఎక్కొద్దు. పాపికొండల బోటైనా సరే, ఇందులో సగం ప్రశ్నలు అక్కడా అడగాల్సినవే.

లక్షలు లేనివాళ్లకు?

విమానం టికెట్టు, వీసా, ఓడ ఛార్జీ కలిపితే లెక్క లక్షల్లోకి పోతుంది. పెళ్లి ఖర్చుకు అప్పు చేసే ఇంట్లో అమ్మాయి సరదాకు అంత డబ్బు తియ్యమంటే కుదరదు. కానీ దారి అదొక్కటే కాదు. ఎన్‌సీసీ నౌకా విభాగంలో ఆడపిల్లలకూ తెరచాప పడవ నడపడం నేర్పుతారు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో యాచ్ క్లబ్ పేదింటి పిల్లలకు, అందులో ఆడపిల్లలకు కూడా ఈ విద్య నేర్పుతోంది. నౌకాదళంలో 1992 నుంచి ఆడవాళ్లు అధికారులుగా చేరుతున్నారు. వాళ్లకు శాశ్వత కమిషన్ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

చిక్కల్లా లోపలి ఊళ్లలోనే. ఎన్‌సీసీ నౌకా విభాగం ప్రతి ఊళ్లోనూ ఉండదు. చాలా బడుల్లో ఆడపిల్లలకు ఈత నేర్పే ఏర్పాటే లేదు. ఓడ మాట దేవుడెరుగు, ముందు ఈత కావాలి. పిల్లను నీళ్లకు దూరంగా ఉంచితే గండం తప్పదు, ఈత నేర్పితే కొంతైనా తప్పుతుంది.

చంద్రగిరికి సముద్రం దగ్గరేమీ కాదు. అయినా ఈ కోటకు ఓడలతో సంబంధం పాతదే. చంద్రగిరి రాజుల ఏలుబడిలో ఉన్న తీరంలోనే 1639లో దామెర్ల నాయకులు ఇంగ్లీషు కంపెనీకి చోటిచ్చారు. అక్కడే మద్రాసు పట్నం లేచింది. ఆ కాలంలో ఓడెక్కడం ఆడదానికి తేలిక కాదు. ఆ తర్వాత నూట పాతికేళ్లకు పైగా గడిచాక, 1766లో జాన్ బారే అనే ఫ్రెంచి వనిత మగవేషం వేసుకుని ఓడెక్కింది, ప్రపంచం చుట్టిన తొలి మహిళ అయింది.

ఇప్పుడు మగవేషం అక్కర్లేదు. మన ఊరి పిల్లకు కావాల్సింది ఈత, శిక్షణ, ఇంట్లో ఒక మాట సాయం. ఈ ఏడు వేసవి సెలవుల్లో మీ అమ్మాయిని ఈతకు పంపి చూడండి. ఓడెక్కుతుందో లేదో తర్వాత తనే తేల్చుకుంటుంది.