ఫార్మాట్ కొట్టడం మరమ్మతు కాదు

"ఏం లేదండీ మాస్టారూ, హార్డుడిస్కు పోయింది. కొత్తది వేసి, ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కించేస్తే సాయంత్రానికి పట్టుకెళ్లిపోవచ్చు." అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని ల్యాప్‌టాప్ బాగుచేయించుకున్నవారికి ఈ వాక్యం కంఠస్థమై ఉంటుంది. అందులో డిస్కు ఉన్నది, విండోస్ ఉన్నది, సాయంత్రం కూడా ఉన్నది. ఆ డిస్కులో మనం రాసుకున్నది మాత్రం లేదు.

మిత్రులారా, నా వాదం సూటిగా చెబుతాను. తెలుగు రాసుకొనే మనిషి యంత్రానికి కొత్త డిస్కు బిగించి, పాత రాతను తిరిగి తెచ్చే ప్రయత్నం చేయకుండా, తెలుగు రాసే ఏర్పాటు చేయకుండా చేతికిస్తే దానిని మరమ్మతు అనరాదు. అది సగం పనికి పూర్తి కూలి.

కొత్తపేట వైపు నాకొక మిత్రులున్నారు. నాలాగే బడిపంతులుగా విశ్రాంతి పొందినవారు. పదేళ్లు కూర్చుని ఒక శతకానికి ప్రతిపదార్థ తాత్పర్యాలు రాశారు. ఒకనాడు ల్యాప్‌టాప్ టిక్కు టిక్కుమని చప్పుడు చేసి నల్లబడింది. దుకాణంలో ఇచ్చారు, సాయంత్రానికి వచ్చింది. పాత డిస్కు ఏదని అడిగితే "పాడైపోయింది కదండీ, ఎక్కడో పడేశాం" అన్నారట. పడేసినది ఇనుపముక్కను కాదు, ఆయన పదేళ్లను.

ఆ చప్పుడు గురించి ఒక మాట. పాత తరహా హార్డుడిస్కులో పళ్లేలు తిరుగుతుంటాయి. వాటిపై వెంట్రుకవాసి కంటె తక్కువ ఎత్తులో చదివే మొన కదులుతుంటుంది. ఆ మొన దారి తప్పినపుడు వచ్చేది ఆ టిక్కుటిక్కు. అపుడు చేయవలసినది యంత్రాన్ని ఆపివేయడం. "మళ్లీ ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ప్రతిసారీ పళ్లెం మీద రాత గీరుకుపోయే ప్రమాదమున్నది. చప్పుడు లేక కేవలం విండోస్ తెరుచుకోకపోతే డిస్కులోని దస్త్రాలు చాలావరకు క్షేమంగానే ఉండవచ్చు. డిస్కును ఊడదీసి, యూఎస్‌బీ పెట్టెలో పెట్టి, మరో యంత్రానికి తగిలించి నకలు తీసుకోవచ్చు. గంట రెండు గంటల పని. ఆ గంట ఎందుకని ఫార్మాట్ కొడతారు! పాత డిస్కుల్లో పైపై ఫార్మాట్ జరిగినా, దానిమీద కొత్తది రాయనంతవరకు కొంత బయటపడే ఆశ ఉండేది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో ఆ ఆశ కూడా దాదాపు లేదు; ఖాళీ అని చెప్పిన చోటును అవి తమంత తామే తుడిచివేసుకుంటాయి.

ఇక మా మిత్రుల కథలో రెండవ అధ్యాయం. పెన్‌డ్రైవులో ఒక ప్రతి ఉన్నది కదా అని ఆయన ధైర్యం. కొత్త విండోస్‌లో దానిని తెరిచారు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలకు కొమ్ములు మొలిచినట్టు పిచ్చిగీతలు. అది 'అను' ఖతిలో టైపు చేసిన ప్రతి. అటువంటి పాత ఖతులు చేసినదేమిటంటే, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను అద్దెకు పెట్టడం. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, ఒత్తు వేరొక గదిలో. ఖతి ఉన్నంతసేపు అది తెలుగు. డిస్కుతో పాటు ఖతి పోగానే అది ఏ భాషా కాదు. యూనికోడులో అలా కాదు. 1991లో వెలువడిన మొదటి కూర్పు నుండే తెలుగుకు సొంత ఇల్లున్నది: 3072 నుండి 3199 దాకా 128 గదులు. 'క' అంటే 3093. ఖతి మారినా, యంత్రం మారినా, రాజోలులో తెరిచినా రాలేలో తెరిచినా 3093 'క' యే. ఈ సంగతి మనలో పాతవారికి కొత్త కాదు. వార్తాపత్రికల సొంత ఖతులను యూనికోడుకు మార్చి చూపిన 'పద్మ'ను ఫైర్‌ఫాక్స్‌లో తగిలించుకున్న తరం మనది. అయినా ఈనాటికీ అచ్చుకిచ్చే తెలుగు ఎంతో పాత ఖతుల్లోనే నిలవ ఉన్నది. అచ్చయిన పుస్తకం మిగులుతుంది; దిద్దుకోవలసిన మూలం ఒక్క రీఇన్‌స్టాలుతో అయోమయమవుతుంది.

మరమ్మతుదారుల మాట కూడా వినాలి. "అందరూ అడిగేది ఫొటోలండీ, సినిమాలండీ. తెలుగు ఫైళ్లు కావాలని ఎవరూ అడగలేదు" అంటాడు కుర్రవాడు. అబద్ధం కాదు. వాడికి గిట్టేది నాలుగు డబ్బులు, ఎదుట పది యంత్రాలు. అడగందే అమ్మయినా పెట్టదు. కాని వైద్యుడు కాలు తీసేముందు రోగిని అడుగుతాడు. "లోపల మీకు కావలసినవి ఏమైనా ఉన్నాయా?" అన్న ప్రశ్నకు ఖర్చేమీ లేదే!

తెలుగు ఏర్పాటు సంగతి. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో తెలుగు కనబడాలంటే భాషల అమరికలోకి వెళ్లి సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేయవలసి వచ్చేది. విస్టా నుండి ఆ బాధ తప్పింది. అయితే దుకాణంలో ఎక్కించిన విండోస్ సాధారణంగా అమెరికా ఇంగ్లీషుతో, ఇంగ్లీషు కీబోర్డుతో వస్తుంది. చదవగలం, రాయలేం. సెట్టింగులలో భాషల జాబితాకు తెలుగును చేర్చడం ఐదు నిమిషాల పని; ఇన్‌స్క్రిప్టు మాత్రమే కాక, 2019 నుండి ఉచ్చారణను బట్టి రాసే కీబోర్డు కూడా అందులోనే ఉన్నది. ఇంకొక విచిత్రం. ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఖతి పేరు గౌతమి. విండోస్ 10 నుండి దానిని అదనపు ఖతుల కిందికి నెట్టారు; తెలుగును చేరిస్తే గాని దిగదు. గౌతమికీ వసిష్ఠకూ నడుమ పుట్టిన మనకు గౌతమిని మళ్లీ అడిగి తెచ్చుకొనే గతి పట్టింది!

విండోస్ 8 నాటి నుండి, విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో దాని తాళం మదర్‌బోర్డులోనే ఉంటుంది. డిస్కు మార్చినా అదే రకం విండోస్ వేస్తే తనంత తానే గుర్తుపడుతుంది. దొంగ విండోస్ వేసి డబ్బు తీసుకొనేవారికి ఈ మాట చెప్పండి. 2024 నాటి విండోస్ 11 కూర్పులో కొత్తగా వేసిన చాలా యంత్రాల డిస్కుకు తనంత తానే సంకేతబంధం పడుతుంది. దాని 48 అంకెల తాళంచెవి, మొదట ఎవరి ఖాతాతో తెరిస్తే వారి ఖాతాకు చేరుతుంది. దుకాణంవారి ఖాతాతో తెరిచి ఇస్తే మీ ఇంటి తాళంచెవి వారి జేబులో ఉన్నట్టే. పిమ్మట డిస్కు ఊడదీసి వేరే యంత్రానికి తగిలించినా అది నోరు విప్పదు.

మన పూర్వులకు యంత్రం లేదు, తాటాకు ఉన్నది. ఈ తేమనేలలో తాటాకు ఎన్నాళ్లుంటుందో వారికి తెలుసు. శిథిలం కాకముందే మరొక ఆకు మీదికి ఎక్కించేవారు. బ్రౌన్ దొర కడపలో పండితులకు జీతాలిచ్చి రాయించినదీ అదే, ఒక ప్రతి నుండి మరొక ప్రతి. 'ప్రతి' అన్న మాటలోనే రెండవది ఉన్నది. ఒక్కటే ఉన్నదానిని ప్రతి అనడం నిఘంటువుకే అపచారం.

అందుచేత దుకాణానికి వెళ్లేటపుడు ఒక చీటీ రాసి ఇవ్వండి. పాత డిస్కును నాకు చూపనిదే ముట్టవద్దు. దస్త్రాలు నకలు తీశాకే ఫార్మాట్. పాత డిస్కు నాకు తిరిగి ఇవ్వాలి. ఖాతా నాది, తాళంచెవి నాది. తెలుగు కీబోర్డు పెట్టి, నా ఎదుట నా పేరు తెలుగులో టైపు చేసి చూపితే అపుడు డబ్బు. మా కొత్తపేట మిత్రులు ఇప్పుడు మొదటి పద్యం నుండి మళ్లీ రాస్తున్నారు, యూనికోడులో. నలభై దాకా అయ్యాయి. మిగిలినవాటికి ఆయన వద్ద ఉన్నది జ్ఞాపకమూ, ఆ పిచ్చిగీతల పెన్‌డ్రైవూ. దానిని నేను తెచ్చుకున్నాను. 'అను' నుండి యూనికోడుకు మార్చే పనిలో చేయి తిరిగినవారు మనలో ఎవరున్నా కబురు చేయగలరు.