సోంపు పళ్ళెంలో చిల్లర



హోటల్లో భోంచేసి టిప్పు సరిగా ఇవ్వనివారితో ఎలా మెలగాలి? పద్యాల గురించీ ప్రబంధాల గురించీ వ్రాసుకొనే ముసలి తెలుగు పండితుడికి ఈ హోటళ్ళ గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక మనిషి మరొక మనిషికి అన్నం వడ్డించే చోట పుట్టిన ప్రశ్న ఏదీ చిన్నది కాదని నా నమ్మకం. పైగా నా దగ్గర చదువుకొన్నవారిలో ఇంజనీర్లూ గుమాస్తాలూ ఉన్నట్టే, బందరు రోడ్డు వెంబడి హోటళ్ళలో సప్లయర్లుగా కుదురుకొన్నవారూ ఉన్నారు. వారి బతుకూ మన చర్చకు తగినదే.

వారిలో ఒకడు తొమ్మిదో తరగతితో చదువు ఆపినవాడు. ఇప్పుడు నలభై దాటాడు. ఆ మధ్య కనిపించినప్పుడు యోగక్షేమాలు అడిగితే, "ఏముంది మాస్టారూ, జనం సోంపు నోట్లో వేసుకొని లేచిపోతున్నారండీ, పళ్ళెంలో ఏమీ మిగలడం లేదు" అన్నాడు. అలాంటివారికి వాళ్ళలో వాళ్ళు ఒక పేరు కూడా పెట్టుకొన్నారట: 'సోంపు బ్యాచి'. ఆ బ్యాచి మళ్ళీ వస్తే వాళ్ళ బల్లకు మంచినీళ్ళు ఆలస్యంగా వస్తాయి. కూర రెండోసారి కావాలంటే రెండుసార్లు అడగాలి. "తప్పంటారా?" అని అడిగాడు. తప్పేనన్నాను. ఎందుకు తప్పో, ఆ తప్పులో ఎవరెవరి వాటా ఎంతో విడమరచి చెప్పడానికి అక్కడ వ్యవధి లేకపోయింది. అందుకే ఈ టపా.

ముందుగా మాట సంగతి. ఒకరు సంతోషించి ఇంకొకరికి ఇచ్చే డబ్బుకు మన భాషలో మాటలకు కొదవ లేదు. బక్షీసు పారసీకం నుండి వచ్చింది, ఇనాము అరబ్బీ నుండి వచ్చింది. రెండింటిలోనూ పైనుండి కిందికి చేయి చాచి ఇచ్చే భంగిమ ఉన్నది. మామూలు అన్న మాటకు అసలు అర్థం వాడుకగా జరిగేది అని మాత్రమే. కచేరీల చుట్టూ తిరిగి తిరిగి ఆ మాట ఎంత చెడిపోయిందో మీకు తెలుసు. ఇక మా పండితుల మాట ఒకటున్నది, సంభావన. గౌరవించడమని దాని అర్థం. సభ ముగిశాక తాంబూలంలో పెట్టి ఇచ్చే డబ్బుకు అది పేరయింది. గౌరవం అని పేరు పెట్టినా, ఎవరికి ఎంత ముట్టిందో అని పక్కవాడి తాంబూలం వైపు ఓరగా చూసిన కళ్ళను నేనెరుగుదును. ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడిన రాబడి ఎంతటి విద్వాంసుడినైనా కొంచెం చిన్నబుచ్చుతుంది. ఇక సప్లయరు సంగతి చెప్పాలా? అతడు రోజుకు ఎన్ని బల్లలకు వడ్డిస్తే అన్నిసార్లు ఆ తాంబూలం కోసం ఎదురుచూడాలి.

ఇప్పుడు ఇవ్వనివారి సంగతి. వారందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మా ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్ళ నుండి పని మీద వచ్చే రైతు ఉంటాడు. బస్సుకింత, మందులకింత, భోజనానికింత అని లెక్క చూసుకొని బయలుదేరినవాడు అతడు. మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ళకు పిల్లలతో వచ్చిన కుటుంబం ఉంటుంది. ఆ పిల్లలకు హోటలు భోజనమే ఒక పండుగ. బిల్లు చూసి జేబు తడుముకొనే తండ్రిని పిసినారి అని ఎవరైనా అనగలరా? అతని దగ్గర లేదు, ఇవ్వలేదు. అంతటితో సరి.

రెండో రకం వారికి ఇవ్వాలనే ఉంటుంది, చేతిలో చిల్లర ఉండదు. ఒకప్పుడు బిల్లు సోంపు పళ్ళెంలో వచ్చేది. మనం నోటు పెడితే మిగతా చిల్లర అదే పళ్ళెంలో తిరిగి వచ్చేది. నోట్లు తీసుకొని నాణేలు వదిలేసేవాళ్ళం. అందులో దానగుణం కన్నా బద్ధకం పాలే ఎక్కువ కావచ్చు, అయినా సప్లయరు ఇంటికి బియ్యం కొనుక్కుపోయేది ఆ బద్ధకంతోనే. 2016లో యూపీఐ వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే పెద్ద నోట్ల రద్దు కూడా జరిగింది. ఆ తరువాత కొద్ది ఏళ్ళలో కిళ్ళీకొట్టు మొదలు అన్నిచోట్లా ఫోనుతోనే చెల్లింపు. బిల్లు 286 రూపాయలైతే సరిగ్గా 286 రూపాయలే యజమాని ఖాతాలో పడతాయి. తిరిగి వచ్చే చిల్లర లేదు. వదిలేయడానికి ఏమీ లేదు. చాలాచోట్ల గల్లా దగ్గరకే వెళ్ళి ఫోను చూపాలి కనుక, వడ్డించినవాడికీ డబ్బిచ్చినవాడికీ చివర ముఖాముఖి కూడా తప్పిపోయింది. జనం ఒక్కసారిగా లోభులయ్యారని నేననుకోను. చిల్లర పోయింది, దానితో పాటు చిల్లర వదిలే అలవాటూ పోయింది.

మూడో రకం వారు ఇచ్చేశామనే అనుకొంటారు. బిల్లు అడుగున జీఎస్టీ కనబడుతుంది. 2017 నవంబరు నుండి చాలా హోటళ్ళలో అది 5 శాతం. అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి పోతుంది. వడ్డించినవాడికి పైసా రాదు. కొన్ని పెద్ద హోటళ్ళు సర్వీసు ఛార్జి అని ఇంకొక వరుస కలుపుతూ వచ్చాయి. అది కట్టిన తరువాత మళ్ళీ టిప్పు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. సర్వీసు ఛార్జి ఇవ్వడం తిన్నవారి ఇష్టమేనని కేంద్ర వినియోగదారుల శాఖ 2017లోనే చెప్పింది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, దానిని బిల్లులో తనంత తానుగా కలపరాదని, మరో పేరుతోనూ వసూలు చేయరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి, కొంతకాలం వాటి అమలు ఆగింది. చివరకు 2025 మార్చి 28న హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. తీర్పు సబబైనదేనని నా అభిప్రాయం. బలవంతంగా తీసుకొన్నదాన్ని సంతోషంగా ఇచ్చినది అనలేం గదా. పైగా ఆ డబ్బు వడ్డించినవాడికి చేరిందో లేదో తిన్నవాడికి తెలిసే దారి లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇలాంటి చోట్లనే పుట్టి ఉంటుంది.

ఇక నాలుగో రకం. కలిగినవారు, రెండు గంటలు బల్ల దగ్గర కూర్చొన్నవారు, నెయ్యి తెమ్మని ఒకసారీ చల్లారిందని ఒకసారీ చిటిక వేసి పిలిచినవారు, లేచేటప్పుడు పది రూపాయలకు పదిసార్లు ఆలోచించేవారు. వీరి పట్ల నాకు గౌరవం లేదు. అయినా, వీరికి కూడా కూర తక్కువ వడ్డించే హక్కు సప్లయరుకు లేదనే అంటాను. ఫీజు కట్టలేని పిల్లవాడికీ, ఉండి కూడా ఎగ్గొట్టిన వాడి కొడుక్కీ నేను ఒకే పాఠం చెప్పాను. ఎక్కువ ఇచ్చిన ఇంటి పిల్లవాడికి సంధులు ఎక్కువ, ఇవ్వని ఇంటి పిల్లవాడికి సమాసాలు తక్కువ అని చెప్పి ఉంటే నన్ను గురువు అని ఎవరైనా పిలిచేవారా? వడ్డన కూడా అటువంటి వృత్తే. పంక్తిలో భేదం చూపడం పాపమని మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నేను అలా సమంగా పాఠం చెప్పగలిగింది నా గొప్పతనం వల్ల మాత్రమే కాదు. ఒకటో తారీఖున నాకు జీతం వచ్చేది. ఎవరి దక్షిణ కోసమూ ఎదురుచూడవలసిన అవసరం లేని స్థితిలో నన్ను నిలబెట్టి, ఆపైన సమదృష్టి కోరారు. సప్లయరును ఆ స్థితిలో నిలబెట్టకుండా అతని నుండి సమదృష్టి ఎలా కోరగలం? "జీతం కొంచెం తక్కువేలే, టిప్పులు బాగా వస్తాయి" అని చెప్పి పనిలో పెట్టుకొనే యజమానులు ఉన్నారు. ఈ జాడ్యానికి మూలం ఆ ఒక్క మాటలో ఉన్నది. తాను ఇవ్వవలసిన జీతంలో కొంత భాగాన్ని ఊరూపేరూ తెలియని బాటసారుల దయ మీదికి నెట్టి, ఆ బాటసారి దయ చూపకపోతే పనివాడికీ అతనికీ మధ్య పగ పెడుతున్నారు.

టిప్పు జీతంలో భాగం కాదన్నది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. 2016లో ఐటీసీ సంస్థకూ ఆదాయపు పన్ను శాఖకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. కార్డుల ద్వారా వచ్చిన టిప్పులను యజమాని పంచి ఇచ్చినా, అది తిన్నవారు పనివారికి ఇచ్చిన డబ్బు, యజమాని ఇచ్చిన జీతం కాదు అన్నది దాని సారం. ఆ తీర్పు పన్ను గురించే కావచ్చు, అందులోని న్యాయం మాత్రం మన ప్రశ్నకూ పనికివస్తుంది. మన దేశంలో కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. టిప్పును చూపి కనీస వేతనం తగ్గించుకొనే వెసులుబాటు మన యజమానులకు ఈ చట్టాలు ఇవ్వలేదు.

అటువంటి వెసులుబాటు ఉన్న దేశం అమెరికా. అక్కడ ఉంటున్న మిత్రులకు ఇది తెలిసిన సంగతే, ఇక్కడివారి కోసం చెబుతున్నాను. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం, టిప్పులు వచ్చే పనివాడికి యజమాని చేతినుండి ఇవ్వవలసింది గంటకు 2 డాలర్ల 13 సెంట్లు మాత్రమే. 1991 నుండి ఆ అంకె కదలలేదు. టిప్పులతో కలిపి 7 డాలర్ల 25 సెంట్లకు చేరకపోతే తక్కువ పడినది యజమాని పూరించాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం ఈ తేడా లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాలన్నాయి. కనుక అమెరికాలో భోంచేసే మన తెలుగువారు "మా దేశంలో ఈ ఆచారం లేదు" అని తప్పించుకోవడం న్యాయం కాదు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి లెక్క. అక్కడ నూటికి 15 నుండి 20 వంతులు ఇవ్వడం మర్యాద. జపాన్లో అసలు టిప్పు ఇచ్చే ఆచారమే లేదు, అయినా అక్కడి వడ్డనలో మర్యాదకు లోటు ఉండదని పేరు. టిప్పు లేకపోతే మర్యాద ఉండదనేవారికి ఇంతకన్నా వేరే సమాధానం అక్కరలేదు.

మన సాహిత్యం వైపు చూసినా ఇదే కనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగంటి పూటకూటి ఇంటి వర్ణన ఉన్నది. సన్నబియ్యం అన్నం, పప్పు, నెయ్యి, పెరుగు అన్నీ కలిపి ధర ఒక రూక. ఆ వర్ణనలో ధర ఉన్నది, రుచి ఉన్నది, బక్షీసు ఊసు లేదు. భోజనానికి ఒక వెల ఉండాలి, ఆ వెలలోనే వండినవాడి కూలీ, వడ్డించినవాడి కూలీ ఇమిడి ఉండాలి. ఆ పైన ఇచ్చేది ఇచ్చేవాడి సంతోషం.

కనుక ఎవరేం చేయాలని నా మనవి?

యజమానులకు: జీతం సరిగా ఇవ్వండి. అందుకోసం ఇడ్లీ ధర రెండు రూపాయలు పెంచవలసి వస్తే పెంచండి. తినేవాడు రెండు రూపాయలకు అలగడు, ముఖం మాడ్చుకొని వడ్డిస్తే అలుగుతాడు. ఫోనుతో ఇచ్చేవారి కోసం పనివారి పేర వేరే క్యూఆర్ కోడ్ ఒకటి గల్లా పక్కన పెట్టండి. అందులో పడినది మీ ఖాతాలో కలపకండి. ఆ డబ్బులో లోపల గిన్నెలు తోమే ఆమెకూ, ఎంగిలాకులు ఎత్తేవాడికీ వాటా ఉండేటట్టు చూడండి. వాళ్ళ ముఖం తిన్నవాడికి కనబడదు కనుక వాళ్ళకు ఎవరూ టిప్పు ఇవ్వరు.

సప్లయర్లకు: ఇవ్వనివాడిని గుర్తు పెట్టుకోకండి. ఈ పూట లేనివాడు రేపు ఉన్నవాడు కావచ్చు. మీ కోపం న్యాయమైనదే, కాని అది వెళ్ళవలసిన చోటు గల్లా దగ్గర ఉన్నది, అయిదో నెంబరు బల్ల దగ్గర కాదు. నలుగురూ కలిసి జీతం అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు.

మనకు: హోటలుకు వెళ్ళేటప్పుడు జేబులో నాలుగు పదిరూపాయల నోట్లు విడిగా ఉంచుకొందాం. ఫోను వచ్చినా నోటు చెల్లకుండా పోలేదు గదా. ఇవ్వగలిగితే చేతికి ఇద్దాం, ఎంగిలి బల్ల మీద విసరవద్దు. ఇవ్వలేని రోజున దొంగలా తలవంచుకొని పోవలసిన పని లేదు. "కూర బాగుందయ్యా" అని చెప్పి రావచ్చు. 'ఏయ్' అని పిలవడం, చిటికెలు వేయడం మానుదాం. ఆ మాటా మర్యాదా టిప్పుకు బదులు కావు, వాటితో బియ్యం రావని నాకు తెలుసు. కాని వాటికి చిల్లర అవసరం లేదు కనుక, చిల్లర లేదన్న సాకు అక్కడ చెల్లదు.

విదేశాలలో ఉన్న మిత్రులు అక్కడి పద్ధతులూ, హోటలు నడిపిన అనుభవం ఉన్నవారు లోపలి కష్టనష్టాలూ వ్యాఖ్యలలో వ్రాస్తే సంతోషిస్తాను. యజమానుల పక్షాన చెప్పవలసింది ఉంటే అదీ వినాలని ఉన్నది.