గల్ఫ్ పోయేవారికి ఇంటి నంబరు సరిగా రాసివ్వాలి

చంద్రగిరి : బతుకుతెరువు కోసం రాయలసీమ పల్లెల నుంచి కువైట్, సౌదీ, దుబాయ్, ఖతార్ పోయేవారు పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు పదిసార్లు సరిచూసుకుంటారు. ఇంటి ఫోన్ నంబరు సంగతి మాత్రం పట్టించుకునేవారు తక్కువ. అక్కడ ఏ ప్రమాదమో జరిగితే ఆస్పత్రివారు గానీ, తోటి పనివారు గానీ ఇంటికి కబురు చేయడానికి ఆధారం ఆ నంబరే. అది తప్పయితే కబురు ఆగిపోతుంది.

తప్పు ఎక్కడ జరుగుతున్నది? మన సెల్ నంబరు 10 అంకెలు. ఇక్కడ ఆ పది నొక్కితే చాలు. కువైట్ సిమ్ వేసుకున్నాక ఆ పదే నొక్కితే కాల్ మన ఊరికి రాదు. అది వారి దేశపు నంబరనే అక్కడి ఎక్స్ఛేంజి అనుకుంటుంది. ముందు 00 నొక్కి, కాల్ దేశం దాటాలని తెలపాలి. తర్వాత మన దేశపు కోడ్ 91, ఆపైన పది అంకెలు. అమెరికా నుంచైతే 00కు బదులు 011. సెల్‌లో సున్నాను కాసేపు అదిమిపట్టి ప్లస్ గుర్తు తెచ్చుకుంటే, ఏ దేశం నుంచైనా అదే సరిపోతుంది.

ఇంకో తికమక సున్నాతో వస్తున్నది. తిరుపతికి 0877, చిత్తూరుకు 08572 అని రాసుకోవడం ఎస్.టి.డి. బూతుల రోజుల నుంచి అలవాటు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్‌కు చేయాలన్నా ముందు సున్నా చేర్చవలసి వచ్చింది. ఈ సున్నా దేశం లోపలి కాల్స్‌కు మాత్రమే. బయటి నుంచి చేసేవారు 91 తర్వాత దాన్ని వదిలేయాలి. తిరుపతి ల్యాండ్‌లైన్ అయితే 91, 877, ఆపైన ఏడంకెల నంబరు.

ఇక్కడి నుంచి చేసేవారికీ పద్ధతి ఇదే. కువైట్‌కు 00, 965, ఆపైన అక్కడి 8 అంకెలు. సౌదీకి 966, ఒమన్‌కు 968, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌కు 971, బహ్రెయిన్‌కు 973, ఖతార్‌కు 974. ఈ కోడ్‌లు తెలిసినవారు, ఏదో తెలియని దేశం నుంచి మిస్డ్ కాల్ వస్తే మావాడేమోనని తిరిగి చేసి డబ్బు పోగొట్టుకోరు.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరి వాదన. ఫోన్ పోయిన రోజు, నెట్ లేని చోట, పరాయివారి ఫోన్ అడిగి మాట్లాడవలసి వస్తే నోటికి వచ్చిన నంబరే దిక్కు.

ఈ చిన్న సంగతిని హైస్కూళ్లలో ఒక్క పీరియడ్‌లో చెప్పవచ్చు. ఇంట్లో అమ్మకు, అవ్వకు పిల్లలే నేర్పుతారు. పంచాయతీ బోర్డు మీద కోడ్‌లు రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అధికారులు, ఉపాధ్యాయులు ఆలోచించాలి. ప్రయాణమయ్యేవారు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా, ప్లస్ 91తో రెండిళ్ల నంబర్లు అట్టముక్క మీద రాసి పాస్‌పోర్టుతో ఉంచుకోవాలి. అక్కడి యజమానిదీ, తోటివారిదీ నంబర్లు దేశపు కోడ్‌తో సహా ఇంటి గోడ మీద ఉండాలి. దిగిన రోజే ఒకసారి చేసి సరిచూసుకుంటే ఇరువైపులా నిశ్చింత.